గంట ముందు చేరిన కర్ర

ఇటు హపరాండా, అటు టోర్నియో.
మధ్యలో ఏరు. మార్చిలో దాన్ని ఏరనడానికి మనసొప్పదు,
బిగుసుకుపోయిన తెల్లటి బయలు.
ఇటు స్వీడన్ గడియారం, అటు ఫిన్లాండ్ గడియారం.
అక్కడ పదింటికి బయల్దేరిన మనిషి
ఇక్కడికి తొమ్మిదీ పన్నెండుకి వచ్చేస్తాడు.
నా చిన్నప్పట్నించీ ఈ జోకు చెప్పుకుంటున్నాం.
ఎవరూ నవ్వరు. అయినా చెప్తాం.

ఇవాళ రిలే పరుగు.
రెండూళ్ల వ్యాయామ సంఘం వాళ్లు
నా మెడలో స్టాప్‌వాచీ వేసి
మడత కుర్చీ, ఫ్లాస్కు, ఒక నోటుబుక్కు ఇచ్చారు.
"నీకు అలవాటే కదా రాగ్నార్,
సరిహద్దులో కూర్చుని రాసుకోవడం."
నిజమే. ముప్పైరెండేళ్లు కస్టమ్స్ కొలువు.
ఏ చేతిలో ఏముందో అడగడమే నా బతుకు.
చెయ్యి తడపబోయిన వాళ్లూ లేకపోలేదు.
తడిసిన చెయ్యి ఈ చలికి వేళ్లతో సహా ఊడుతుందని
నవ్వకుండా చెప్పి పంపేవాణ్ని.

పందెం నియమం ఒకటే:
కర్రని అవతలి ఒడ్డు మనిషికే అందించాలి.
సొంతూరి చేతికిస్తే చెల్లదు.

అది ఒకప్పటి తెడ్డు.
ఆర్వో వాళ్ల తాత పడవది, విరిగితే
పిడి కోసి నున్నగా చిత్రిక పట్టారు.
ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను,
ఈ ఇంట్లో తెడ్డుముక్క కూడా పారెయ్యలేదు.
మళ్లీ దాటాలి కదా, అంటాడు ఆర్వో.

మొదట బడిపిల్లలు, బాతుల్లా, జారుతూ లేస్తూ.
తర్వాత దంతవైద్యురాలు, ముక్కుమీద మంచు.
ఆ తర్వాత నిజార్, రొట్టెల కొట్టు నిజార్,
డమాస్కస్ నించి వచ్చి ఆరు చలికాలాలు,
మోచేతుల మీద ఇంకా పిండి.
కాపురం అటు, కొలువు ఇటు.
నా ముందు ఆగి రొప్పుతూ అడిగాడు:
"నాది ఏ ఒడ్డు? ఎవరికివ్వాలి?"
నోటుబుక్కు తిరగేశాను.
ముప్పైరెండేళ్లలో చాలా మందిని ఇదే అడిగాను,
నన్ను అడిగినవాడు ఇతనే.
"నీ ఇష్టం," అన్నాను,
ఏదో పెద్ద నేరం చేస్తున్నట్టు గొంతు తగ్గించి.

తన్నుడు బండి మీద ఐరా వచ్చింది.
డెబ్భై తొమ్మిదేళ్లు. టోపీకి ఎర్ర కుచ్చు.
వాళ్ల అమ్మమ్మ పావడా మడతల్లో
కాఫీగింజలు కట్టుకుని రాత్రిపూట ఈ మంచు దాటేదట.
పట్టుకోబోయిన జవాను మా తాతయ్య.
పట్టుకోలేకపోయాడని ఆవిడ,
వదిలేశాడని మేము.
ఇప్పటికీ తెమలని తగువు.

కర్ర అందుకోవాల్సిన కుర్రాడు
చీలమండ బెణికి కూలబడ్డాడు.
ఐరా చుట్టూ చూసింది.
నా కుర్చీ కేసి వచ్చింది.
"పట్టు," అంది. "ఈసారైనా పట్టు."

మోకాలి చిప్ప మార్చిన కాలు నాది.
పరుగని ఎవరూ అనరు దాన్ని.
ఏటి నడుమ గుర్తు కొయ్య దగ్గర అలవాటుగా ఆగాను.
ఉద్యోగంలో ఇంతవరకే వచ్చేవాణ్ని.
పాదాల కింద మంచు ఎక్కడో లోతున
గొంతు సవరించుకున్నట్టు మూలిగింది.
మెడలో వాచీ తిరుగుతూనే ఉంది.
నా సమయం రాయాల్సినవాణ్ని నేనే.

అటు ఒడ్డున పసుప్పచ్చ జాకెట్ పిల్ల, చెయ్యి చాచి,
"నీ చేతిలో ఏముంది తాతా?"
సరదాగానే అడిగింది పాపం.
నాకు మాత్రం నోరు పెగల్లేదు కాసేపు.

"తెడ్డు," అన్నాను.

లాక్కుని పరిగెత్తింది.
ఊరి గోపురం మీద గంట నా కంటే ముందుంది.
ఫ్లాస్కు అవతల కుర్చీలో ఉండిపోయింది,
అందులో వేడి కాఫీ.
ఐరా తాగేస్తుంది, నాకు తెలుసు.