లైట్లు వేసి చూడు

పగలంతా బండి తమ్ముడి చేతిలో.
బడిపిల్లలు, పాల ట్రేలు, ఒక్కోసారి పెళ్ళి వంటపాత్రలు.
ముల్లు సగానికి కాస్త కిందే
తిన్నది అరిగిన పిల్లిలా పడుకుని ఉంటుందట.

రాత్రి రెండింటికి నా చేతికొస్తుంది.
చూళై సందులోంచి కోయంబేడుకి, పూలకోసం.
తాళం తిప్పి, లైట్లు వేసి
మలుపు తిరిగానో లేదో
ముల్లు లేచి కూచుంటుంది.
అమింజికరై వచ్చేసరికి
ఎర్రగీత మీద చెయ్యి వేస్తుంది.

తొంభై నాలుగు మోడల్ ఓమ్నీ.
ఇంజను ఎక్కడో లేదు, నా సీటు కిందే.
ఉడికితే ముందు నాకే తెలియాలి.
తెలుస్తూనే ఉంది కూడా:
తొడల కింద రోజూ ఉండే వేడే,
దోసెల పొయ్యి పక్కన పీటేసుకు కూచున్నంత.
అయినా నా ఒంటిని నమ్మలేదు.
అగ్గిపుల్లంత లేని ఆ ముల్లుని నమ్మాను.

ఆపేదాన్ని.
లైట్లు ఆర్పి, ఇంజను ఆర్పి, సీటెత్తి
టార్చి పళ్ళతో కరుచుకుని గొట్టాలు తడిమేదాన్ని.
వెనక ఎప్పుడూ రెండు నీళ్ళ క్యాన్లు.
చల్లారాక మూత తీసి పొయ్యబోతే
గుక్కెడు కూడా పట్టేది కాదు, నిండుగానే ఉండేది.
ఈలోగా కోయంబేడులో
మంచి మల్లె ఇంకెవరి బుట్టలోకో వెళ్ళిపోయేది.

"రెండో గేరులోనే లాగుతావక్కా" అన్నాడు లోగనాథం.
"క్లచ్ మీంచి కాలు తియ్యరు వీళ్ళు" అన్నాడు మెకానిక్కు,
నాతో కాదు, వాడితో.
థర్మోస్టాట్ మార్చారు. రేడియేటరు విప్పి కడిగారు.
సెన్సరు ఒకసారి, మళ్ళీ ఇంకోసారి.
పదకొండు వేల మూడు వందలు.
అదెన్ని మూరలో లెక్కకట్టడం మానేశాను.
విప్పింది మిట్టమధ్యాహ్నం, బిగించింది మిట్టమధ్యాహ్నం,
"చూడండి, సగం కూడా లేదు" అని చూపించిందీ మిట్టమధ్యాహ్నమే.
ఎండలో ఎవరు లైట్లు వేస్తారు?

పుదుప్పేటలో కన్నియప్పన్ కొట్టు.
గోడకి ఆనించి ఎవరెవరి కార్ల తలుపులో.
ఆరణి వైపు తెలుగు అతనిది, మాటకో తమిళం.
టీ గ్లాసు డాష్‌బోర్డు మీద పెట్టి అడిగాడు:
"ఎప్పుడెక్కుతుంది?"
ఎంత ఎక్కుతుందని అందరూ అడిగారు.
ఎప్పుడని ఇతనొక్కడే.
"రాత్రి."
"పగలు చెయ్యనిది రాత్రి ఏం చేస్తావమ్మా బండితో?"
ఆలోచిస్తూ నిలబడ్డాను.
నా చెయ్యే స్విచ్చు మీదికి వెళ్ళింది.

పదకొండు గంటల ఎండలో వేశాను లైట్లు.
లేచింది.
ఆర్పాను, పడుకుంది.
ఇంజను అసలు తిరగడమే లేదు.

"ఎర్త్ లేదమ్మా."
మీటర్ల వెనకనుంచి దిగిన నల్ల తీగ,
దాన్ని బాడీకి బిగించిన బోల్టు, బోల్టు కింద తుప్పు,
తుప్పు మీద పోయిన ఆయుధపూజకి
లోగనాథం కొట్టించిన కొత్త రంగు.
ఇంటికెళ్ళే దారి మూసుకుపోయి
దీపాల కరెంటు ముల్లు వాకిట్లోంచి దూరిపోతోంది.
అంతే జ్వరం.
ఉప్పుకాగితంతో గీకాడు, ఇనుము తెల్లగా నవ్వేదాకా.
బిగించాడు. నూట యాభై.
టీ ఇంకా వెచ్చగానే ఉంది.

ఇంట్లో ఏమీ చెప్పలేదు.
వారం పోయాక లోగనాథమే అన్నాడు,
"ఈమధ్య బాగా నడపడం వచ్చిందక్కా నీకు."
సాంబారు గిన్నె వాడివైపు జరిపాను.

ఇవాళ రాత్రి కీళ్పాక్ దాటుతున్నాను.
లైట్లన్నీ వేసే ఉన్నాయి, ముల్లు సగంలో నిద్రపోతోంది.
కంటికి మాత్రం అలవాటు పోలేదు,
లారీని చూసి, దాన్ని చూసి, మళ్ళీ రోడ్డుని చూస్తుంది.
నీళ్ళ క్యాన్లు రెండూ వెనకే ఉన్నాయి.
సిగ్నలు దగ్గర ఆగినప్పుడు
చెయ్యి వెనక్కి చాపి మూత తిప్పి
పుడిసెడు నీళ్ళు మల్లెల మీద చల్లుతున్నాను.