మేత షెడ్డు గొళ్ళెం

అప్పీలులో నన్ను పిలవరట.
కాగితాలే మాట్లాడతాయన్నాడు గుమాస్తా,
నరసాపురం కోర్టు మెట్ల మీద టీ ఊదుకుంటూ.

రొయ్యల చెరువు కాపలా నాది, పేరుపాలెం దిగువన.
ఆ రాత్రి ముగ్గురొచ్చారు.
రెండు ఏరేటర్ మోటార్లు, నా సెల్లు, జేబులో నూట నలభై.
నన్ను మేత షెడ్డులోకి తోసి గొళ్ళెం పెట్టారు.

దోపిడీకి ఐదేళ్ళు, నిర్బంధానికి ఆర్నెల్లు.
రెండూ ఒకేసారి నడుస్తాయట.
అంటే ఆర్నెల్లు ఐదేళ్ళ కడుపులో కరిగిపోతాయి,
ఉప్పుటేట్లో పడ్డ మురుక్కాలవలా.

నాకు మాత్రం విడిగానే నడిచాయి
ఆ ఐదు గంటలు.
మేత మూటల కంపు,
బయట తిరగని చక్రాలు,
ఊపిరందక పైకి తేలుతున్న రొయ్యల చిటచిట.

మూడో ముద్దాయి మల్లాడి పోసిబాబు.
తెల్లారగట్ల వెనక్కొచ్చాడు, ఒక్కడూ.
కిటికీ ఊచల్లోంచి నీళ్ళ సీసా అందించాడు.
గొళ్ళెం తీయలేదు.
"భయపడకు బాబాయ్" అన్నాడు, వాడే వణుకుతూ.

సీసా సంగతి ఎవరూ అడగలేదు.
అడిగినదానికే చెప్పమన్నారు, చెప్పాను.
వస్తువుల జాబితాలో గొళ్ళెం ఉంది,
తాళ్ళున్నాయి, నా చిరిగిన చొక్కా ఉంది.

ఇప్పుడు చెప్పొచ్చా అంటే
గుమాస్తా గ్లాసు దులిపాడు.
"రికార్డు ఎప్పుడో కట్టేశారు పెద్దాయనా."

మెట్ల కింద పోసిబాబు తల్లి
చెంగుతో మొహం తుడుచుకుంటోంది.
నా వైపు చూడదు. నేనూ చూడను.

లోపల వకీలు నా వాంగ్మూలం చదువుతున్నాడు,
పేజీ ముప్పై రెండు.
ఆ పేజీలో
నాకు దాహమే వెయ్యలేదు.