ఎడం చేతి మెలిక

రైల్వే కాలనీ నుంచి గుంతకల్లు బజారు దాటి
తోపుడు బండి మీద వచ్చింది,
బీరువా కాదు, బల్ల కాదు, రెండూ తానే అన్నట్టుండే టేకు పెట్టె.
పదకొండేండ్లు దాని నెత్తిన టీవీ కూచున్నాదంట.
టీవీ పోయినాక పూలకుండీ.
కుండీ నీళ్ళకు పైపొర లేసి
కాల్చిన అప్పడం మాదిరి వంకర్లు పోయింది.

“లోపల మిషనుండాది మాబూ,
కాలుతో తొక్కేది కాదు, కరెంటుది” అనింది సాలమ్మ.
“మోకాలు ఆనిస్తే పరిగెత్తేదంట.
మా అత్త సూసింది. నేను సూళ్ళేదు.”

మూత ఎత్తినా.
నిద్ర లేవని పిల్లోణ్ణి చంకల కింద పట్టి లేపినట్టు
తలకిందులుగా వేలాడే ఇనుమును
పైకి తీసి నిలబెట్టినా.
నల్లని ఒళ్ళు, సగం చెరిగిన బంగారు లతలు.
నూనె ఎండి, ముదురుపాకమై
చక్రాన్ని పట్టుకొని వదల్లేదు.

రెండు దినాలు కిరసనాయిలు తాగింది.
మూడోనాడు పొద్దున
ఒక్క పన్ను వెడల్పు కదిలింది.
చేతికి తెలిసింది గానీ కంటికింకా తెలీలేదు.

సూది కింది పళ్ళ సందుల్లోంచి దువ్వి తీసినా,
పైన గార్డు కోట్ల తెల్లనూగు,
దాని కింద గౌన్ల గులాబీనూగు,
ఇంకా కింద ఏ రంగో చెప్పలేని బూడిద.
బావి తవ్వేటప్పుడు మట్టి మారినట్టు.

ఇంక వైర్లు.
గుడ్డ తొడిగిన పాతకాలం వైర్లు.
వంచితే రబ్బరు పొడిపొడిగా రాలింది.
రాగి నల్లబడినాది,
బ్లేడుతో గీకితే మాత్రం సిగ్గుపడినట్టు ఎర్రబడింది.

మోటారు మూత విప్పితే
అరిగి కందిగింజలంత మిగిలిన బొగ్గుముక్కలు,
వాటి వెనక, స్ప్రింగు పక్కన
ఒక అతుకు.
ఎడమకు మెలేసి, టేపు లేకుండా
మైనం పూసిన కుట్టుదారం ఏడు చుట్లు చుట్టి
మీద లక్క.

ఆ చెయ్యి నాకు తెలుసు.
ఊరంతా కుడికి మెలేస్తే
కుళ్ళాయప్ప ఉస్తాదొక్కడే ఎడమకు.
తొమ్మిదేండ్లు ఆయన దగ్గర పన్జేసినా,
ఇంజను డ్రైవరు పెండ్లాం డల్సీ దొరసాని ఇంటికి
ఒకనాడు పోయొచ్చినట్టు
ఒక్క మాట అనలేదు.

కత్తెర పట్టుకొని శానాసేపు కూచున్నా.
టీ చల్లారింది. రాయచూరు బండి కూతేసి పోయింది.
లాగి చూసినా, గట్టిగానే ఉండాది.
ఇన్నేండ్లు మోసింది, ఇంకో ఏడాది మోయదా?
ఉస్తాదు ఉంటే ఏమనేటోడో
వినపడనే వినపడింది:
“కరెంటుకు గురుభక్తి తెలీదురా. కొయ్.”

కోసినా.

కొత్త వైరు. కొత్త గొట్టం. ఎర్తు.
ముందు ఎర్తే లేదు దానికి.
వానకాలం చెయ్యి పెడితే సన్నగా కొరికేదంట,
దొరసాని దయ్యమని సాలమ్మ అత్త
ఆదివారం ఆదివారం ప్రార్థన పెట్టించేదంట.
దయ్యానికి పచ్చ వైరు కట్టి
నేలలోకి సాగనంపినా.

సీరీస్ బోర్డుకు తగిలించినా.
బల్బు భగ్గుమంటే లోపల షార్టు.
వెలక్కనే పోతే తీగ తెగినట్టు.
మసగ్గా, జ్వరం దిగిన కన్ను మాదిరి
వెలిగితేనే ఆరోగ్యం.

మసగ్గా వెలిగింది.

సాలమ్మ ఎర్రగుడ్డ తెచ్చింది,
స్టేషన్ కూలీల చొక్కాలకు వేసే జేబుముక్క.
మోకాలు ఆనించింది, ఉలిక్కిపడి తీసింది,
మళ్ళా ఆనించింది.
మిషను గొంతు సవరించుకొని
ఒక్క ఉరుకు.

గుడ్డ వెనక్కి తిప్పి చూసి మొహం చిట్లించింది.
“కింద దారం ఉంగరాలు ఉంగరాలు తిరిగినాది మాబూ.”
“పైన మర బిగించు. అర చుట్టు చాలు.”
“యా పక్కకు?”

జేబులో ఉస్తాదు అతుకు
తొడకు గుచ్చుకుంటాంది.

“కుడికి” అన్నా.