వేలిముద్ర తిరిగొచ్చిన నెల

నలభై రోజులుగా బట్టీలు చల్లబడి
పలాస గాలిలో
వేపిన జీడితొక్కు వాసన లేదు.
డిగ్రీ కాలేజీలో పొద్దున చెప్పిన పాఠం
అమ్మకి మళ్లీ చెబుతున్నాను.
పని లేకపోయినా అలవాటుగా
వేళ్లకి ఆముదం రాసుకుంటోంది.

కణంలో ఒక కాపలా ప్రొటీనమ్మా,
పేరు పి-యాభైమూడు.
పుట్టిన ఇరవై నిమిషాలకే
ఒంటి మీద యుబిక్విటిన్ గుర్తు పడుతుంది,
గుర్తుకి గుర్తు తగిలించి, గొలుసులా నాలుగు.
ఇక గానుగలోకే.
రోజంతా పుట్టించడం, రోజంతా నలిపెయ్యడం.

“సంపడానికేటే కంటాది?
ఆ కణానికి మతి నేదేటి?”

క్లాసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మీ మేస్త్రి చెయ్యడా, అన్నాను తడుముకుని,
డబ్బా మీద సుద్దతో నాలుగు గీతలు,
గుండూ కాదు బద్దా కాదు, నూకలోకి పొమ్మని?
కానీ డీఎన్ఏ పేట ఎక్కడో పుటుక్కుమన్న పూట
ఒక కైనేజ్ పరుగున వచ్చి
దాని మీద ఫాస్ఫేటు చుక్క పెడుతుంది.
అంతే, గుర్తేసే చెయ్యి పట్టు జారుతుంది.
చావాల్సింది చావదు.
జన్యువుల్ని తట్టి లేపి
‘ఆగండి, ఇప్పుడు రెండవకండి’ అంటుంది.
అతుకు పడితే సరే,
పడకపోతే ఆ కణమే పోతుంది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
“అయితే రాసెట్టిందొకటే కాదన్నమాట.
పుట్టినాక పడే సుక్క కూడానన్నమాట.”

పద్నాలుగేళ్లు గింజ కొట్టిన చేతులు.
జీడిరసం గీతలన్నీ తినేసి
బొటనవేలు చింతగింజలా నున్నన.
మొన్న చైత్రంలో బియ్యం డిపోలో
మిషను మూడుసార్లు ఆమెని కాదంది.
డీలరు పడాల సూరపునాయుడు
వేలు తుడుచుకోమన్నాడు,
మట్టేదో అంటినట్టు.
అమ్మ నిజంగానే తుడుచుకుంది.

తర్వాత సరుకు లేక షెడ్డు మూసేశారు.
కూలి లేదు, చారులో నీళ్లు పెరిగాయి.
చర్మం అడుగున, ఎవరూ చూడని పొరలో మాత్రం
కణం రెండై, రెండు నాలుగై,
అన్నిటిలోనూ ఆ పొట్టి ఆయుష్షు కాపలా
పుడుతూ, పోతూ,
దారి వదులుతూ.

నిన్న మిషను ఒక్కసారికే కూసింది.
అమ్మ బియ్యం సంచి కింద పెట్టి
వేలిని ఎండలోకి ఎత్తింది.
సన్నటి చాళ్లు, కొత్తవి, పాత వంపులతోనే.
వెనక వరసలో ఎవరో కసురుకున్నారు.

సోమవారం షెడ్డు తెరుస్తారట.
ఆముదం సీసా వంచి
ఎంతుందో చూస్తోంది.