చెరో అర

నారాయణగూడల టైర్ల దుకాణం పైన మా క్లబ్బు.
మూడు ఫ్యాన్లు, రెండే తిరుగుతయి.
గడియారం బటన్‌కు ప్లాస్టర్ చుట్టి ఉంటది,
ఓడిపోయినోడెవడో పోయినేడు గట్టిగ కొట్టిండు.

ఆదివారం, నాలుగో రౌండు.
నాది తెల్ల. ఎదురుంగ ముస్తఖీమ్ భాయ్,
ఛత్తాబజార్ల కుట్టుమిషన్లు బాగుచేస్తడు.
వేళ్ల సందుల నూనె నలుపు ఎంత కడిగినా పోదు.
బంటును పట్టుకున్నా
సూదిల దారం ఎక్కిస్తున్నట్టే పడ్తడు.

నేను కరెంటాఫీసుల బిల్లుల గుమాస్తను.
తొందరెక్కువ.
పన్నెండో ఎత్తుకే ఒక బంటు గుంజుకున్న,
లోపల్లోపల ఈల వేసిన.
ఆయన ఏమనలే. నీళ్ల గ్లాసు పక్కకు జరిపిండు.

ఏనుగులను ఏనుగులు తిన్నయి.
మంత్రులిద్దరు ఒక్క తీరుగనే పోయిన్రు.
ఆఖరికి గుర్రాలు.
రెండు గంటలకు మిగిలినయి రాజులు, చెరో ఒంటె,
ఇంక నా ఎక్కువ బంటు.

నా ఒంటె తెల్లగడుల మీదనే నడుస్తది,
ఆయనది నల్లగడుల మీదనే.
ఒకటే బల్ల, అరవైనాలుగు ఇండ్లు,
సచ్చేదాక ఒకదానికొకటి ఎదురుపడయి.
మూసీకి ఇవతల నేను, అవతల ఆయన.
ఆదివారాలు లేకుంటే మేమూ అంతే.

నా బంటు మంత్రయ్యేటందుకు ఒక్క ఇల్లే దూరం.
ఆ ఇంట్లనే, నల్లగడిల, ఆయన రాజు
పాత కిరాయిదారు లెక్క కూసున్నడు.
ఖాళీ చెయ్యడు.
నా ఒంటె చుట్టూ తిరిగి తిరిగి వస్తది,
ఆ గడిని తాకుడు దానికి రాదు.

ఆశ సావక ఇంకో పదిహేను ఎత్తులు తిప్పిన.
ఆయన కూడ తిప్పిండు, ఓపికతోని,
నెలాఖరున మా కౌంటర్ కాడ
లైన్ల నిలబడ్డోళ్ల తీరు.

తలెత్తి "బస్?" అన్నడు.
పిచ్చోన్ని, కిటికీలకెళ్లి రోడ్డు దిక్కు చూసిన,
ఏ నంబరొచ్చిందా అని.
నవ్విండు. చెయ్యి చాపిండు.

స్కోరు పట్టీల చెరో అర.
కింద ఇరానీల వన్ బై టూ చెప్పినం.
కప్పు నా ముందటికి తోసి
సాసరు ఆయన తీసుకున్నడు.

రాత్రి పన్నెండింటికి మల్ల బోర్డు పరిస్తే దొరికింది:
ముప్పయ్యొకటో ఎత్తు.
గుర్రాన్ని గుర్రానికి మార్చుకోకుంట
ఒక్క పక్కకు దుంకిస్తే, అయిపోయేది.

ఆగలేక ఫోన్ చేసిన. మేల్కొనే ఉన్నడు.
"గుర్రమే కదా సాబ్," అన్నడు,
"నాకు అప్పుడే కనపడ్డది.
నాలుగు నిమిషాలు
మీ మొఖం దిక్కు చూడకుంట కూసున్న."