పచ్చ నార

మొదట గోధుమరంగు పొడి.
ఎవరో రాత్రికి రాత్రి ఇసుక మీద
కాఫీపొడి చల్లిపోయినట్టు.
కొత్త తొట్టెకి మామూలే, నెల తిరిగితే పోతుందన్నాడు అమ్మినవాడు.
పోయింది.
దాని చోట్లోకి ఆకుపచ్చ దిగింది.

రాళ్ళకి జుట్టు మొలిచింది.
పళ్ళబ్రష్షుతో తోమేను,
పుల్లకి చుట్టి లాగేను,
లాగిన చోటే రెండింతలు.
పగలంతా ఎక్స్‌రే గదిలో
విజయనగరం ఎముకలన్నీ చూసొచ్చి
రాత్రిపూట రాళ్ళకి తల దువ్వడం!

చిన్నంనాయుడు నవ్వేడు.
నెల్లిమర్ల మిల్లు నుంచి తెల్లారి వస్తాడు,
కనుబొమల్లో గోగు పీచుతో.
"నాను మిల్లులో పీకినది సాలదేటి,
ఇంట్లో కూడా నారే పండిస్తన్నావు?"

ఆదివారం ముక్కాం పోయేను,
బండికి అటొక క్యాను ఇటొక క్యాను.
ఒడ్డు నీళ్ళు పనికిరావు, ఇసుక.
అలలు దాటి తెప్ప మీద పోయి
ముంచుకొచ్చేడు నరసమ్మ కొడుకు.
మూత బిగిస్తూ నరసమ్మ అడిగింది,
"ఆటికి ఎంత పెడతన్నావు?"
పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు.
"అబద్దం.
రెండు సిటికెలకి ఇంత నాసు అవ్వదు.
ఇంకెవులో పెడతన్నారు."
అని, తడిగుడ్డలో ఆరు నత్తలు మూటకట్టి ఇచ్చింది.
డబ్బులిస్తే పుచ్చుకోలేదు.
నీళ్ళకి మాత్రం పుచ్చుకుంది.

మూడు రోజులు చీకటి పెట్టాలట.
వెలుతురు లేకపోతే నాచుకి కూడు లేదు.
ఆసుపత్రిలో పారేసిన పాత ఫిల్ములు తెచ్చి
నాలుగు అద్దాలకీ అతికించేను.
గజపతినగరం పిల్లాడి విరిగిన మణికట్టు,
ఎవరిదో దగ్గు నిండిన ఛాతీ,
పేరు చెరిగిపోయిన ఒక దవడ.
వాటి వెనక చేపలు
పగలని తెలియక తిరుగుతున్నాయి.

రెండో రోజు తెల్లారగట్ట
ఫిల్ము చివర లేచిన చప్పుడు.
కళ్ళు తెరిచేను.
సెల్‌ఫోను వెలుగులో అతను,
యూనిఫాం ఇంకా విప్పలేదు,
పక్కటెముకల మూల ఎత్తిపట్టి
డబ్బాలోంచి వేళ్ళనిండా తీసి
చల్లుతున్నాడు.

నేను లేచి కూచున్నానని చూసి ఆగిపోయేడు.
"రాత్రల్లా మగ్గాల మోత.
ఇంటికొస్తే నువ్వు నిద్ర.
ఇవి నన్ను సూసి పైకొస్తాయి."
ఇంకేదో అనబోయి
డబ్బా మూత పెట్టేడు.

ఎన్నాళ్ళ నుంచని అడగలేదు.
తొట్టె కొన్నప్పటి నుంచే అయి ఉంటుంది.
నాచే చెబుతోంది కదా.

నాలుగో రోజు ఫిల్ములు తీస్తే
నీళ్ళు కడుగులా తెల్లబడి ఉన్నాయి.
వాసన.
అతనికి వెంటనే తెలిసింది, చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో
గోగు కట్టలు ఊరబెట్టిన గుంట వాసన.
"ఊరితేనే నార ఊడతాది" అంటూ
మోచేతి దాకా చెయ్యి పెట్టేడు.
ఒక్క లాగుకి గుప్పెడు వచ్చేసింది,
నెల్లాళ్ళు నాకు రానిది.
క్లౌన్ చేపలు రెండూ పాలిపోయినా బతికే ఉన్నాయి.
రొయ్య ఒకటి లేదు.
ఎంత వెతికినా పెంకు కూడా దొరకలేదు.

సగం నీళ్ళు పారబోసి ముక్కాం నీళ్ళు పోసేం.
అలలా కొట్టే చిన్న మోటారు బిగించేం,
కరెంటు పోతే అది కూడా ఊరుకుంటుంది.
మిల్లువాళ్ళిచ్చిన కేలండర్లో
పొద్దుటి చిటికెకి అతని సున్న,
సాయంత్రానికి నాది.

నా సెల్లులో అలారం ఇప్పుడు ఆరూ పదికి.
డ్యూటీ తొమ్మిదికే.

వెనక అద్దం గీకలేదు. నత్తలకి ఉండనిచ్చేం.
ఇవాళ ఆ పచ్చ మీద
వంకరటింకరగా సన్నటి తెల్ల దారి,
ఒక నత్త రాత్రంతా తిన్నంత మేర.
టీ గ్లాసులు పట్టుకుని ఇద్దరం
అదెక్కడ మొదలైందో చూస్తున్నాం.