అవుతల ఎవలు?

కోఠి గుజరాతీ గల్లీల, మెట్ల కింద
ఇఫ్తెకార్ సాబ్ దుకాణం.
ఆయన కూసుంటే గిరాకీ బయట నిలబడాలె,
గిరాకీ లోపలికొస్తే ఆయన లేవాలె.

"లారీకి యాంటెనా గావాలె, సాబ్."
సోల్డరింగ్ పొగల నుంచి తలెత్తకుంటనే అడిగిండు,
"ఎంత దూరం వినబడాలె?"
"ముందు బండికి ఎన్క బండికి నడుమ
ఎంతుంటె గంత."

అప్పుడు సూశిండు నా దిక్కు.
అద్దాలు నొసటి మీదికి నెట్టి
గోడకున్నవన్నీ ఒక్కొక్కటి కిందికి దించిండు.
"పూరా లెంత్ తొమ్మిదడుగులు. పెడ్తవా?
మలక్‌పేట రైలు వంతెన కింద ఇరిగి పడ్తది.
ఇది నాలుగడుగులు. అడుగున కాయిల్ సుట్టిన.
పొట్టిదే, అయినా తొమ్మిదడుగులున్నట్టు నమ్మిస్తది."

అయస్కాంతం అడుగున్నది నాకు నచ్చింది,
పెట్టుడు అల్కగ, తీసుడు అల్కగ.
సాబ్ నవ్విండు.
"నీ కేబిన్ మీద క్యారియర్ కట్టెది,
లోపలి చట్రం కట్టెది,
దేనికి అంటుకుంటది బాబా ఇది? నీ నెత్తికా?"

అద్దం రాడుకు బిగించమన్నడు.
తెల్ల ఫైబర్ పుల్ల, కింద స్ప్రింగు.
కొమ్మ తగిలితే వంగాలె, మల్ల లేవాలె.
"అందరు తీగెనే యాంటెనా అనుకుంటరు.
సగం యాంటెనా బండే.
పెయింట్ గీకు, ఇనుము తెల్లగ మెరిసేదాక గీకు.
జడ వైరు పట్టుకపోయి చాసిస్‌కు కట్టు.
కింద పట్టు లేకుంటె
నువ్వు పంపిన మాట ఎన్కకే వచ్చి
నీ సెట్టునే కాలుస్తది."

పైసలు లెక్కవెడుతుంటె అన్నడు,
"ఏక్ లేకే క్యా కరోగే మియా?
ఉధర్ కౌన్ హై?"

అవుతల ఎవలు.

నిర్మల్ దాటినంక గుట్టలల్ల ఫోన్ సచ్చిపోతది.
పోయిన వానకాలం ముందు బండి నాది,
ఎన్క బుచ్చిలింగం.
నాలుగో మలుపుల వాని డ్రమ్ము కాలి పొగొచ్చింది,
హారన్ కొట్టిండట, లైట్లు కొట్టిండట.
నాకు అద్దంల వాన తప్ప ఏం కనబడలే.
ఆదిలాబాద్ పోయి, చాయ్ తాగి, నిద్రపోయిన.
వాడు రాత్రంత టైరు కింద రాయి పెట్టి
ఆ రాయి మీద కాలు పెట్టి నిలబడ్డడు.

తెల్లారి వచ్చి ఒక్కటే అన్నడు: "నువ్వు ఆగలే."
అంతే. ఐదు నెలలాయె.
ఒకే యార్డు, ఒకే సేటు, ఒకే నల్లా దగ్గర మొకం కడుగుతం.

"రెండియ్యి సాబ్. సెట్లు, పుల్లలు, అన్నీ రెండు."

ఆటోనగర్ల పొద్దుగాల పని పెట్టిన.
అద్దం రాడు మీద పచ్చరంగు గీకిన,
దాని కింద వెండిరంగు,
దాని కింద మొదటి ఓనరు ఎర్రరంగు,
ఆయన పేరు గూడ నాకు యాది లేదు.
ఆకర్న ఇనుము. నోట్లె ఏసుకున్న పైస లెక్క సల్లగ.
మీటర్ల ముల్లు మూడు మీద నిలబడ్డది.
జడ వైరు బిగించిన, ఒకటిన్నరకు దిగింది.
సాబ్ రెండు లోపల సాలన్నడు.

సెట్టు పెట్టిన.
స్స్స్స్ అని, పెనం మీద నీళ్లు సల్లినట్టు.
బటన్ ఒత్తి "హలో" అన్న.
ఇడిశిపెట్టిన.
స్స్స్స్.
అట్ల ఎంతసేపు కూసున్ననో,
వెల్డింగు పిలగాడు వచ్చి
"అన్నా, పాడైందా?" అన్నడు.
"లేదుర, మంచిగనే ఉన్నది."

రెండో పుల్ల పేపర్ల సుట్టి ఉంది సీటు ఎన్క.
అది తీసుకున్న. స్పానర్లు, ఉప్పుకాయితం.
బుచ్చిలింగం బండి మూడు బండ్లవతల,
వాడు కేబిన్ల కాళ్లు బయటికి సాపి పండుకున్నడు,
మడిమకు పగుళ్లు, పగుళ్లల్ల గ్రీసు.

ఫుట్‌బోర్డు ఎక్కి, వాని అద్దం రాడు పట్టుకొని
మెల్లగ గీకుడు షురూ జేసిన.
వాని బండికి నీలం రంగు. పోయిన దసరాకే ఏయించిండు.
పొట్టు నా మోచేతి మీద రాలుతుంది.

కాళ్లు లోపలికి పోయినయ్.
తలకాయ బయటికొచ్చింది.
నిద్ర కండ్లతోటి రాడు దిక్కు సూశిండు,
నా దిక్కు సూశిండు,
మల్ల రాడు దిక్కు.

"ఏందిర, నా బండి ఎందుకు గీకుతున్నవ్?"

గీకుతనే ఉన్న.